బిల్లు పుస్తకములో అక్షరములు

అంగడిలో సరకు కొన్నవాని చేతికి సంచితోపాటు ఒక కాగితము కూడ వచ్చును. ఇంటికి పోయిన తరువాత దానిని ఒకమారు చూచి పారవేయువారు కొందరు. గోడమేకుకు గ్రుచ్చి దాచువారు కొందరు. వస్తువు చెడిపోయిననాడు, లెక్కలో తేడా వచ్చిననాడు, పన్ను అధికారి అడిగిననాడు ఆ కాగితమే సాక్ష్యము. అయినను దానిమీద ఏ అక్షరము ఎంత పెద్దదిగా ఉండవలెను, ఏ అంకె క్రింద ఏ అంకె నిలువవలెను అని ఆలోచించి అచ్చు వేయించువారు అరుదు. దుకాణము పేరు నీడలు తీర్చిన అక్షరములలో, మూడు రంగులలో వెలిగిపోవుచుండును. చెల్లించవలసిన మొత్తము మాత్రము ఒక మూలను నలిగి యుండును.

కథల పుస్తకమును చదువువాడు మొదటి పుట మొదలుకొని వరుసగా చదువుచు పోవును. బిల్లును అట్లు ఎవ్వరును చదువరు. కొన్నవాని కన్ను మొత్తముకొరకు వెదకును. గుమాస్తా కన్ను బిల్లు సంఖ్యకొరకును తేదీకొరకును వెదకును. లెక్కలు వ్రాయువాని కన్ను పన్ను వివరములకొరకు వెదకును. ఒకే కాగితమును ముగ్గురు మూడు చోట్ల మొదలుపెట్టుదురు. రసీదు, చిరునామాతో అచ్చైన ఉత్తరపు కాగితము, ధరల పట్టిక, దరఖాస్తు ఫారము మొదలైన వ్యాపార పత్రములన్నిటి స్వభావము ఇదే. అక్షరములను, అంకెలను, గీతలను, నడుమ ఖాళీలను ఈ వెదకు కంటికి అనుకూలముగా అమర్చు పనికి అక్షర విన్యాసమని పేరు. దీనిని నేర్చుటకు చిత్రలేఖనములో ప్రజ్ఞ అవసరము లేదు. ఒక కొలబద్ద, కొంత లెక్క, చదువువానియందు కొంచెము దయ చాలును.

అమరిక తప్పినచో ఎంతవరకు పోవునో తెలుపుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. అది బిల్లు కాదు, ఓటు పత్రము. కాని పాఠము ఒకటే. 2000 నవంబరు 7వ తేదీన అమెరికా అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగినది. ఫ్లోరిడా రాష్ట్రములోని పామ్ బీచ్ కౌంటీలో వృద్ధులైన ఓటర్లు అధికము. వారికి చక్కగా కనిపించునట్లు అభ్యర్థుల పేర్లను పెద్ద అక్షరములలో అచ్చు వేయించిరి. పెద్ద అక్షరములు ఒక పుటలో పట్టలేదు. అందుచేత పేర్లను ఎదురెదురు పుటలలో ఉంచి, ఓటు వేయుటకు పొడువవలసిన రంధ్రముల వరుసను నడుమ ఉంచిరి. ఎడమ పుటలో రెండవ పేరు ఆల్ గోర్‌ది. కాని నడుమ వరుసలో రెండవ రంధ్రము కుడి పుటలోని పాట్ బుకానన్‌కు చెందినది, గోర్‌ది మూడవది. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,400కు పైగా ఓట్లు వచ్చినవి. గోర్‌కు వేయదలచి 2,000 మందికి పైగా పొరబాటున బుకానన్‌కు వేసిరని రాజనీతి శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిన పరిశోధనలో తేల్చిరి. ఫ్లోరిడాలో జార్జి బుష్‌కు వచ్చిన ఆధిక్యము 537 ఓట్లు మాత్రమే. ఆ రాష్ట్రముతోపాటు అధ్యక్ష పదవియు ఆయనకు దక్కినది. అక్షరమును పెద్దది చేయవలెనన్న ఉద్దేశము మంచిదే. పెద్దదైన పేరునకు దాని గడి ఎక్కడ పడినదో చూడకపోవుటయే లోపము.

కన్ను ఎంతవరకు చూడగలదు?

ఆరోగ్యమైన కన్ను రెండు చుక్కలను వేరువేరుగా గుర్తింపవలెనన్న, అవి కంటివద్ద ఏర్పరచు కోణము సుమారు ఒక నిమిషము, అనగా డిగ్రీలో 60వ వంతు ఉండవలెను. కంటి వైద్యుని పటములో సాధారణమైన చూపునకు గుర్తుగా పెట్టు అక్షరము 5 నిమిషముల కోణమునకు సరిపోవునట్లు ఉండును. కాగితమును చేతబట్టి 40 సెంటీమీటర్ల దూరమున చదువునప్పుడు ఆ అక్షరము ఎత్తు ఎంత? త్రికోణమితి నేర్చిన విద్యార్థులు దీనిని తామే లెక్కింపవచ్చును. 400 మిల్లీమీటర్లను 5 నిమిషముల టాంజెంటుచే, అనగా 0.00145చే గుణించినచో 0.58 మి.మీ. వచ్చును. ఇది కంటి శక్తికి చివరి హద్దు. ఆ హద్దుమీద నిలిచి ఎవ్వరును సుఖముగా చదువలేరు. దానికి రెండు మూడు రెట్లు, అనగా 1.2 మొదలు 1.7 మి.మీ. వరకు ఉన్నప్పుడే చదువుట తేలిక. నలువది ఏండ్లు దాటిన తరువాత దగ్గరి చూపు మందగించుట, దుకాణములలో వెలుతురు చాలకుండుట తలచుకొన్నచో, పై అంకెనే పట్టుకొనుట మేలు.

అచ్చుపనిలో అక్షరమునకు కొలత పాయింటు. 12 పాయింట్లు ఒక పైకా. కంప్యూటరులో 72 పాయింట్లు ఒక అంగుళమునకు సరిగా సరిపోవును. కనుక పాయింటు 0.353 మి.మీ. సీసపు అక్షరముల కాలమున ఇంగ్లండు, అమెరికా దేశములలో వాడిన పాయింటు దీనికంటె రవంత చిన్నది, 0.351 మి.మీ. ఐరోపా ఖండములో వాడిన డిడో పాయింటు కొంచెము పెద్దది, 0.376 మి.మీ.

ఇక్కడ క్రొత్తగా నేర్చువారు పొరబడు విషయము ఒకటి కలదు. 10 పాయింట్ల అక్షరమనగా 3.5 మి.మీ. ఎత్తైన అక్షరమని అర్థము కాదు. అది ఒకప్పుడు ఆ అక్షరమును మోసిన సీసపు దిమ్మ ఎత్తు. సీసము పోయినను కొలత నిలిచినది. అక్షరమునకు పైని క్రింది భాగములు, వాని ఖాళీలు ఆ ఎత్తులోనే ఇముడవలెను. అందుచేత ఒకే 10 పాయింట్లలో ఒక ఫాంటు పెద్దదిగాను మరియొకటి చిన్నదిగాను కనిపించును. పేరును, అంకెను నమ్మక అచ్చైన కాగితముమీద కొలబద్ద పెట్టి చూచుటయే సరియైన పద్ధతి.

తెలుగునకు మూడంతస్తులు

ఇంగ్లీషు అక్షరములకొరకు ఏర్పడిన నియమములను తెలుగునకు అట్లే అంటగట్టినచో చిక్కు వచ్చును. తెలుగు పంక్తి మూడంతస్తుల మేడవంటిది. నడుమ అంతస్తులో అక్షరము, పై అంతస్తులో తలకట్టు, గుడి, ఏత్వము, క్రింది అంతస్తులో ఒత్తులు ఉండును. ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘జ్యోత్స్న’ అను మాటలను వ్రాసి చూచినచో క్రింది అంతస్తునకు ఎంత చోటు కావలెనో తెలియును. 10 పాయింట్ల దిమ్మలో ఈ మూడును ఇముడుటవలన నడుమ అక్షరమునకు మిగులు ఎత్తు సగముకంటె తక్కువ. ఒత్తు అంతకంటెను చిన్నది. కనుక ఇంగ్లీషునకు 9 పాయింట్లు చాలినచోట తెలుగునకు 11 అయినను ఉండవలెను.

పంక్తుల నడుమ ఎడము కూడ అంతే. 10 పాయింట్ల ఇంగ్లీషు పంక్తులు 12 పాయింట్లకు ఒకటి చొప్పున చక్కగా నిలుచును. అదే ఎడములో తెలుగును కూర్చినచో పై పంక్తిలోని ఒత్తు క్రింది పంక్తిలోని గుడికి తగులును. 15 లేక 16 పాయింట్లు ఇచ్చినప్పుడే కన్ను పంక్తి తప్పక నడచును. కాగితము పొదుపు చేయుటకై ఈ ఎడమును తగ్గించుట వ్యాపారులలో తరచు కనిపించు అలవాటు. అక్షరమును ఒక పాయింటు తగ్గించియైనను ఎడమును కాపాడుట మంచిది.

చిన్న అక్షరమును లావుగా వేసినచో కలుగు నష్టమునకు బిల్లులోనే ఉదాహరణము దొరకును. ద, ధలకు భేదము అక్షరము క్రిందనున్న చిన్న గీత ఒక్కటే. డ, ఢలకును, ప, ఫలకును అంతే. 7 పాయింట్ల లావు అక్షరములలో సిరా కొంచెము పాకినచో ఆ గీత పూడిపోవును. ‘ధర’ అను శీర్షిక ‘దర’ అగును. శీర్షికలో అయినచో చదువువాడు సర్దుకొని చదువును. మనుష్యుల పేర్లలోను ఊళ్ల పేర్లలోను సర్దుకొనుట సాధ్యము కాదు.

ముఖ్యమైన మాటను ఎత్తి చూపుటకు ఇంగ్లీషులో పెద్దబడి అక్షరములు, వాలు అక్షరములు కలవు. వాలు అక్షరములు ఇటలీ దేశపు చేతివ్రాతనుండి పుట్టినవి. వెనిస్ నగరమున ఆల్డస్ మనూటియస్ 1501లో వానితో పుస్తకములే అచ్చు వేసెను. తెలుగులో పెద్దబడి లేదు. వాలు వ్రాతయు మన సంప్రదాయములో లేదు. కంప్యూటరులో మీట నొక్కి తెలుగును వాల్చినచో గుండ్రని అక్షరము కోడిగ్రుడ్డువలె సాగి, తలకట్టు ప్రక్కకు జారును. తెలుగు కూర్చువానికి మిగిలిన సాధనములు మూడే: పరిమాణము, లావు, చుట్టును విడుచు ఖాళీ. మూడింటిలో ఖాళీకి ఖర్చు లేదు, బలము అధికము. అయినను దానిని వాడుటకు చాలమందికి మనసొప్పదు. డబ్బిచ్చి కొన్న కాగితములో ఖాళీ విడుచుట నష్టమని తలతురు.

తెలుగు మాటలు పొడవైనవి. ఇరుకైన గడిలో రెండు అంచులును సమముగా ఉండునట్లు కూర్చినచో మాటల నడుమ కాలువలవంటి సందులు ఏర్పడును. గడులలోని మాటలను ఎడమ అంచునకు చేర్చి, కుడి అంచును దాని ఇష్టమునకు విడిచిపెట్టుట ఉత్తమము.

అంకెల వరుస

ఇతర పత్రములలో మాటలు ముఖ్యమైతే బిల్లులో అంకెలు ముఖ్యము. ఒక ఇనుప సామానుల దుకాణములో 1,250 రూపాయల సరకు కొన్నారనియు, దానిపై పన్ను 18 శాతమనియు అనుకొందము. రాష్ట్రములోనే జరిగిన అమ్మకమైనచో పన్నులో సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు చెందును. కనుక ఒకదానిక్రింద ఒకటిగా 1,250.00, 112.50, 112.50, చివర 1,475.00 అని నాలుగు అంకెలు రావలెను. వీనిని గడి నడుమకు చేర్చి అచ్చు వేసినచో 112.50లోని మొదటి ఒకటి వేల స్థానమునకును వందల స్థానమునకును నడుమ ఎక్కడనో నిలుచును. కూడువాడు ప్రతి అంకెను చదివి, దాని స్థానమును మనస్సులో సరిదిద్దుకొని కూడవలసి యుండును. దశాంశ బిందువులన్నియు ఒకే నిలువు గీతమీద నిలిచినచో కన్ను స్థానమును చదువకయే గ్రహించును. దశాంశ స్థానవిలువ అను గొప్ప భావన మన దేశమున రూపుదిద్దుకొన్నది. దాని ప్రయోజనమంతయు వరుస తప్పిన అంకెలతో పోవును.

ఇందుకు అంకెలన్నియు ఒకే వెడల్పు గలవై యుండవలెను. కొన్ని ఫాంట్లలో ఒకటి అంకె సన్నగా, ఎనిమిది వెడల్పుగా ఉండును. చదువుటకు అవి అందమైనవే కాని పట్టికకు పనికిరావు. కొన్నిటిలో అంకెలు పంక్తికి పైకిని క్రిందికిని దిగుచు అక్షరములవలె ఆడుచుండును. అవియు వ్యాసములకే తగును. సమాన వెడల్పు గల అంకెలున్న ఫాంటును ఎన్నుకొనుటకు సులభమైన పరీక్ష ఏమనగా, పది ఒకట్లను ఒక పంక్తిలోను, పది ఎనిమిదులను దాని క్రింది పంక్తిలోను కొట్టి చూచుట. రెండు పంక్తులును ఒకేచోట ముగిసినచో ఆ ఫాంటు పట్టికకు తగినది. 3, 8లను, 5, 6లను, 1, 7లను ప్రక్కప్రక్కన 8 పాయింట్లలో అచ్చు వేసి, నకలు యంత్రములో రెండుసార్లు నకలు తీసి చూడవలెను. నకలుకు నకలు తీసినప్పుడు కూడ భేదము నిలిచిన అంకెలే వ్యాపారమునకు నమ్మదగినవి.

కాగితము

జర్మను శాస్త్రజ్ఞుడు లిఖ్టెన్‌బర్గ్ 1786లో ఒక ఉత్తరములో కాగితముయొక్క చిత్రమైన ధర్మమును పేర్కొనెను. పొడవు వెడల్పులు √2 : 1 నిష్పత్తిలో ఉన్న కాగితమును నడుమకు మడిచినచో సగము కూడ అదే నిష్పత్తిలో ఉండును. మరి ఏ నిష్పత్తికిని ఈ గుణము లేదు. వాల్టర్ పోర్ట్స్‌మన్ ఈ సూత్రమును ఆధారము చేసికొని ఏర్పరచిన కొలతలను జర్మనీ 1922లో ప్రమాణముగా స్వీకరించినది. 1975లో అవి అంతర్జాతీయ ప్రమాణములైనవి. ఏ0 కాగితము వైశాల్యము ఒక చదరపు మీటరు. దానిని నాలుగుసార్లు సగము చేసినచో ఏ4 వచ్చును: 210 × 297 మి.మీ. మరియొకసారి మడిచినచో ఏ5 వచ్చును: 148 × 210 మి.మీ. చదరపు మీటరునకు 80 గ్రాముల కాగితమైతే ఏ4 పుట బరువు 80లో 16వ వంతు, అనగా సరిగా 5 గ్రాములు. కవరులో ఎన్ని కాగితములు పెట్టినచో తపాలా ఖర్చు పెరుగునో త్రాసు లేకయే చెప్పవచ్చును.

అమెరికాలో వాడు కాగితము వేరు: 216 × 279 మి.మీ. కంప్యూటరు కార్యక్రమములు పెక్కు ఆ కొలతతోనే తెరచుకొనును. ఆ సంగతి గమనింపక కూర్చిన పత్రమును ఏ4మీద ముద్రించినచో ప్రక్క అంచులు కోసుకొనిపోవుటయో, అక్షరములు కుదించుకొనిపోవుటయో జరుగును. అందుచేత పని మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట సరిచూడవలసినది కాగితపు కొలత.

మన దేశపు న్యాయస్థానములలో చిరకాలము పొడవైన లీగల్ కాగితముమీద ఒక ప్రక్కనే ముద్రించు ఆచారముండెను. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి సుప్రీంకోర్టు ఏ4 కాగితమును, రెండు ప్రక్కల ముద్రణమును విధించినది. ఆ ఆజ్ఞలో అక్షర విన్యాసమంతయు అంకెలలో ఉన్నది: అక్షరము 14 పాయింట్లు, పంక్తుల ఎడము ఒకటిన్నర, ఎడమ కుడి మార్జినులు 4 సెంటీమీటర్లు, పైన క్రింద 2 సెంటీమీటర్లు, కాగితము చదరపు మీటరునకు 75 గ్రాములకు తక్కువ కానిది. దినమునకు వందల పుటలు చదువువారి కన్నులకు ఏమి కావలెనో తెలిసికొనుటకు విద్యార్థులు ఆ కొలతలతో ఒక పుటను అచ్చు వేసి చూడవచ్చును. అందులో చెప్పిన ఫాంటు టైమ్స్ న్యూ రోమన్; అది లండను నగరపు టైమ్స్ పత్రికకొరకు తయారై 1932లో వాడుకలోనికి వచ్చినది.

ఒక బిల్లును కూర్చుట

పైన చెప్పిన ఇనుప సామానుల దుకాణమునకే ఒక బిల్లు పుస్తకము కూర్చవలెననుకొందము. చేతితో వ్రాయు బిల్లు, ఏ5 కాగితము. మొదట చేయవలసిన పని కంప్యూటరును తెరచుట కాదు, ఏమేమి ఉండవలెనో పట్టిక వ్రాసికొనుట. వస్తు సేవల పన్ను క్రింద నమోదైన వ్యాపారి ఇచ్చు బిల్లులో అతని పేరు, చిరునామా, 15 స్థానముల నమోదు సంఖ్య, 16 స్థానములకు మించని వరుస సంఖ్య, తేదీ, కొన్నవాని వివరములు, వస్తువు పేరు, దాని వర్గీకరణ సంకేతము, పరిమాణము, విలువ, పన్ను రేటు, పన్ను మొత్తము, సంతకము మొదలగునవి ఉండవలెనని 2017నాటి నియమములు చెప్పుచున్నవి. సరకునకు మూడు ప్రతులు కావలెను: మొదటిది కొన్నవానికి, రెండవది సరకు మోయువానికి, మూడవది అమ్మినవానికి.

ఏ5 కాగితమును నిలువుగా పెట్టి, పుస్తకము కుట్టు ప్రక్క 12 మి.మీ., రెండవ ప్రక్క 10 మి.మీ. విడిచినచో 126 మి.మీ. వెడల్పు మిగులును. అందులో ఏడు నిలువు గడులు పట్టవలెను. వస్తువు పేరు వ్రాయుటకు రెండంగుళములైనను లేనిచో గుమాస్తా అక్షరములు ప్రక్క గడిలోనికి పోవును. ఇటువంటప్పుడు అనుభవము లేనివాడు అక్షరములను తగ్గించును. కాగితమును అడ్డముగా త్రిప్పి చూచినచో 210లో 22 పోను 188 మి.మీ. దొరకును. వరుస సంఖ్యకు 10, వస్తువు పేరునకు 62, సంకేతమునకు 18, పరిమాణమునకు 22, ధరకు 24, పన్ను రేటునకు 16, విలువకు 36. అన్నియు కలిసి 188.

ఇక ఎత్తు 148 మి.మీ. పైన క్రింద పది పది విడువవలెను. దుకాణము పేరునకు చిరునామాకు 30, కొన్నవాని వివరములకు 18, గడుల శీర్షికలకు 8, వస్తువులకు ఆరు వరుసలు, చివర మొత్తములకు 24. చేతితో వ్రాయు వరుసకు 8 మి.మీ. ఎత్తు కావలెను, నిలుచుండి, బల్లమీద వంగి త్వరగా వ్రాయువానికి అంతకు తగ్గింపరాదు. ఆరు వరుసలకు 48. మొత్తము సరిగా 148. ఏడవ వరుస కావలెనని యజమాని పట్టుబట్టినచో దుకాణము పేరునుండి 8 మి.మీ. తీసి ఇవ్వవచ్చునేకాని వరుసల ఎత్తును కోయరాదు.

కొన్నవాని నమోదు సంఖ్యకు గీత గీయుటకంటె 15 చిన్న గడులు గీయుట మేలు. 5 మి.మీ. చొప్పున 75 మి.మీ. సరిపోవును. ఒక స్థానము తప్పినచో ఖాళీ గడి అక్కడనే పట్టి యిచ్చును. గీతలను సన్నగా, సగము పాయింటులో వేయవలెను. లావు గీతలు కంచెవలె నిలిచి, లోపలి అంకెలకంటె తామే ముందు కనిపించును. నిలువు గీతలు విలువ గడికి తప్ప మిగిలినచోట్ల తీసివేసినను పట్టిక చెదరదు.

అక్షరముల పరిమాణములు మూడు చాలును. దుకాణము పేరునకు 20 పాయింట్లు, శీర్షికలకు 10, చెల్లించవలసిన మొత్తమునకు 14 లావు అక్షరములు. ఆ మొత్తము కుడివైపు అడుగున, చుట్టును ఖాళీతో నిలువవలెను. దాని ఎడమ ప్రక్కన అక్షరాల రూపాయలు వ్రాయుటకు చోటు. సంఖ్యను దిద్దుట సులభము, మాటను దిద్దుట కష్టము; రెండును ఉండుట అందుకే.

మూడు ప్రతులకు నల్ల కార్బను కాగితము పెట్టువారు ఇప్పుడు తక్కువ. దానికి బదులు వాడు కాగితము 1950ల దశకములో అమెరికాలో వెలువడినది. పై పుట అడుగున కంటికి కానరాని సూక్ష్మమైన గుళికలలో రంగులేని రసాయనము ఉండును. కలము ఒత్తిడికి గుళికలు పగిలి, క్రింది పుటమీద పూసిన మరియొక రసాయనముతో కలిసి రంగు పుట్టును. మూడవ ప్రతికి చేరునప్పటికి ఒత్తిడి తగ్గిపోవును గనుక గడులు ఇరుకైనచో మూడవ ప్రతిలో అంకెలు అలికినట్లగును. వరుసకు 8 మి.మీ. కావలెననుటకు ఇదియు ఒక కారణము.

నడుమకు చేర్చుటయా, ప్రక్కకు చేర్చుటయా?

ఉత్తరపు కాగితములు, బిల్లులు, కవరులు, చిరునామా కార్డులు గ్రంథములవలెనే శ్రద్ధకు తగినవని గట్టిగా వాదించినవాడు జర్మను ముద్రణ శిల్పి యాన్ చిఖోల్ట్. 1928లో ప్రకటించిన తన గ్రంథములో వీనికి వేరువేరు ప్రకరణములు కేటాయించెను. అన్నిటిని నడుమకు చేర్చు పాత పద్ధతిని విడిచి, ఎడమ అంచునుండి మొదలుపెట్టవలెననియు, అలంకారములు లేని సాదా అక్షరములనే వాడవలెననియు ఆయన వాదము. 1933లో నాజీలు ఆయనను నిర్బంధించిరి. తరువాత స్విట్జర్లండునకు తరలిపోయెను. వయస్సు వచ్చిన కొలది ఆయన అభిప్రాయము మారినది. 1947 మొదలు 1949 వరకు లండనులో పెంగ్విన్ పుస్తకములను తీర్చిదిద్దినప్పుడు పాత తరహా అక్షరములను, నడుమకు చేర్చిన శీర్షికలను వాడుటకు జంకలేదు. పుస్తకము వేరు, బిల్లు వేరు అని గ్రహించినవాడు ఇట్లు మారుటలో తప్పు లేదు. బిల్లు విషయమున మాత్రము ఆయన మొదటి మాటయే నిలుచును. ఎడమ అంచు ఒకే గీతమీద ఉన్న శీర్షికలను కన్ను జారుచు వెదకగలదు. నడుమకు చేర్చినవానిలో ప్రతి పంక్తి మొదలును వేరుగా పట్టుకొనవలెను. పెండ్లి శుభలేఖను నడుమకు చేర్చి కూర్చిననే అందము.

ప్రెస్సునకు పంపుటకు ముందు

తెలుగు జిల్లాలలోని ప్రెస్సులలో చిరకాలముగా పేజ్‌మేకరు అను కార్యక్రమమును, అను ఫాంట్లను వాడుచు వచ్చిరి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరములు ఇంగ్లీషు అక్షరముల సంకేతములపై కూర్చుండి యుండును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగు మాయమై, అర్థములేని రోమను గుర్తులు కనిపించును. యూనికోడు పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతటను ఒకే సంకేత సంఖ్య కలదు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము దొరకినది. మండలి, రామభద్ర మొదలైన యూనికోడు ఫాంట్లు ఉచితముగా దొరకును. స్క్రైబస్, ఇంక్‌స్కేప్, లిబ్రె ఆఫీస్ అను కార్యక్రమములును ఉచితమే. బడిలో ఒక కంప్యూటరు ఉన్నచో ఖర్చు లేకుండ అభ్యాసము చేయవచ్చును. పూర్తియైన పత్రమును ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా మార్చి పంపవలెను. అట్లు చేయనిచో ప్రెస్సులోని కంప్యూటరు మరియొక ఫాంటును తెచ్చిపెట్టును. ఒత్తులు అక్షరముల క్రిందనుండి జారి ప్రక్కన నిలుచును.

రంగుల ముద్రణము నీలము, గులాబి, పసుపు, నలుపు అను నాలుగు సిరాల కలయిక. చిన్న అక్షరములను కేవలము నల్ల సిరాతోనే వేయవలెను. నాలుగు సిరాలు కలిపి నలుపు చేసినచో, ఒక పలక వెండ్రుకవాసి కదలినను అక్షరమునకు రంగుల అంచు ఏర్పడి ఒత్తులు పూడిపోవును. లేత నీలిరంగు నకలు యంత్రములో తరచు మాయమగును. కనుక మొత్తమును, సంఖ్యను ఆ రంగులో వేయరాదు. అంచువరకు రంగు నిండవలసియున్నచో కోతకొరకు 3 మి.మీ. బయటికి పోనీయవలెను.

ప్రూఫు చదువునప్పుడు మాటలను ఒకరు, అంకెలను మరియొకరు చూచుట మంచిది. నమోదు సంఖ్యను, ఫోను సంఖ్యను చివరనుండి మొదటికి చదువవలెను. ముందునుండి చదివినచో కన్ను తనకు తెలిసినదే చూచును. నమోదు సంఖ్యలో మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తరువాతి పది స్థానములు ఆదాయపు పన్ను పాన్ సంఖ్య. ఈ రెండును సరిచూచినచో పొరబాట్లలో చాల భాగము దొరకును.

వేయి ప్రతులు వేయుటకు ముందు బడిలోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. పాత బిల్లును, క్రొత్త బిల్లును ఒకే సరకుల వివరములతో నింపి, వానిని ఎన్నడును చూడని పదిమందికి ఇవ్వవలెను. సగముమందికి పాతది ముందు, తక్కినవారికి క్రొత్తది ముందు ఇచ్చినచో అలవాటు వలన కలుగు తేడా పోవును. చెల్లించవలసిన మొత్తము, బిల్లు సంఖ్య, పన్ను ఎంత అని అడిగి, ఎన్ని సెకండ్లలో చెప్పిరో, ఎందరు తప్పు చెప్పిరో వ్రాసికొనవలెను. పదిమందిలో ఇద్దరైనను అరువది దాటినవారు ఉండుట అవసరము. వారు కాగితమును వెలుతురువైపు త్రిప్పినచోట, చేయి చాచి దూరముగా పట్టుకొన్నచోట గుర్తు పెట్టుకొని, అక్కడి అక్షరమును ఒక పాయింటు పెంచి మరల అచ్చు తీయవలెను.